మేస్త్రి మార్చి కట్టిన ముడుపు

మా కారు మేస్త్రి పోయాడు. సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉండగా ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆయిల్ మార్చే టైమ్ అయిందని గుర్తు చేస్తున్నాడనుకుని కట్ చేశాను. రెండోసారీ కట్ చేశాను. మూడోసారి ఎత్తితే ఆయన అల్లుడు. "మామ పొద్దుగాల పోయిండు సార్. ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి చేస్తున్న" అన్నాడు. మీటింగులోంచి లేచి వెళ్లిపోయాను.

నానక్‌రామ్‌గూడలో, అద్దాల భవనాల వెనక మిగిలిపోయిన పాత ఊరి సందులో ఆయన షెడ్డు. బోర్డు లేదు. ఎవరైనా దారి అడిగితే "రేకుల ముందట కారు సీట్లు ఏసి ఉంటయి, గదే" అనేవాడు. వచ్చినవాళ్లను ఆ సీట్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, సంగతంతా చెప్పించుకునేవాడు. అది పూర్తయ్యేదాకా బానెట్ ముట్టుకునేవాడు కాదు. మధ్యలో మనం సొంత వైద్యం మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఏమైందో చెప్పు సార్. ఎందుకైందో నేను చూస్కుంట."

నేను ఆయన దగ్గరికి వెళ్లింది పదేళ్ల నాటి సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారుతో. అమ్మకు వారానికి మూడు రోజులు డయాలసిస్. తెల్లాపూర్‌లోని మా ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరాలి. ఆ వేళకు క్యాబ్ వస్తానని రాదు, అందుకే కారు కొన్నాను. రెండు నెలలకే అది ఫ్లైఓవర్ ఎక్కలేక మొరాయించసాగింది. ఎంత తొక్కినా లాగదు, వెనక నల్లటి పొగ. ఒకరోజు ఎత్తు మీద నీరసించిపోతే, వెనకనుంచి టిప్పర్ హారన్ కొట్టుకుంటూ మీదికి వచ్చేసింది. ఇంటికొచ్చి అమ్మ ఒకటే మాట అంది: "ఇక నేను కారెక్కను. ఆసుపత్రీ వద్దు, ఏమీ వద్దు." ఆవిడ అన్నదంటే అన్నదే. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

మదీనాగూడలో ఒకరు కంప్యూటర్ తగిలించి చూసి ఏమీ లేదన్నారు. ఇంకొకరు టర్బో మార్చేయమన్నారు. మేస్త్రి చెప్పులు విప్పి నా పక్క సీట్లో కూర్చుని, వట్టి పాదాలు కింద ఆనించి, "ఏడ అలుస్తదో ఆడికే పోదాం పా" అన్నాడు. తీసుకెళ్లాను. కారు అక్కడ షరా మామూలుగానే మొరాయించింది. షెడ్డుకు తిరిగొచ్చాక ఇంజన్ ఆపనివ్వలేదు. బానెట్ ఎత్తి "రేస్ చెయ్యి" అన్నాడు. చేశాను. "పండుకున్నోనికి ఆయాసం ఎట్ల తెలుస్తది సార్? ఉరికించి చూడాలె. రా, చూడు" అని, తను పెడల్ దగ్గరికి వెళ్లాడు.

ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టానికి ఎర్రగుడ్డ ముడుపు కట్టి ఉంది. రేస్ చేసినప్పుడల్లా, రానురాను వదులైన దాని చెంగు గొట్టం మూతికి అతుక్కుంటోంది. కాలు తీయగానే ఏమీ ఎరగనట్టు జారి వేలాడుతోంది. కారు కొన్నప్పుడు వాహనపూజ రోజు మా అమ్మే పసుపు బియ్యం పోసి, బండి క్షేమంగా తిరగాలని మొక్కుకుని, చేతికందిన చోట కట్టింది. ఇదివరకు చూసినవాళ్లు దేవుడి గుడ్డ కదా అని తాకినట్టు లేరు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"అమ్మ కట్టిందా?"

"అవును."

"అయితే అమ్మకు చెప్పకు. తను కట్టిందే పానం మీదికి తెచ్చిందని మనసుల పెట్టుకుంటది. మళ్ల బండెక్కదు."

సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ముడుపు విప్పి, బ్యాటరీ పక్కన కమ్మీకి కట్టి, చెంగు లోపలికి దోపాడు. అయినా గుడ్డ మీద బొటనవేలి మరక పడింది. సాయంత్రం నాతోపాటు ఇంటికొచ్చి, "గొట్టంల చెత్తా కచరా ఇరికిందమ్మా, తీసేసిన. ఇగ ఫికర్ లేదు. మీ ముడుపు సల్లంగుంది" అని అమ్మకు చెప్పాడు. మర్నాడు అమ్మ కారెక్కింది. నాలుగేళ్లయింది, ఇప్పటికీ ఎక్కుతోంది.

ఆయన పోయాడని చెప్తే అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. తర్వాత "కిందికి పద, బానెట్ తియ్యి" అంది.

పార్కింగులో వంగి ముడుపు చూపించింది. "నేను కట్టింది గొట్టానికి, అదీ ఎప్పుడూ మూడు ముళ్లు వేస్తానురా. ఇక్కడ ఒక్కటే ఉంది. ఆ తర్వాత మొదటి దసరాకే, బండికి పూజ చేస్తూ చూశాను."

"మరి అడగలేదేం?"

"పెద్దాయన అంత జాగ్రత్తగా దాచిపెడితే ఎలా అడగను?" ఆవిడకు నవ్వొచ్చింది, కళ్లు నిండాయి. "నా ముడుపుని పట్టుకుని కచరా అన్నాడు, మహానుభావుడు!"

కొత్త గుడ్డ కడదామా అన్నాను. వద్దంది. నన్ను సీట్లో కూర్చోమని, "రేస్ చెయ్యి" అంది. చేశాను. ఎత్తిన బానెట్ కింది సందులోంచి ఎర్రగుడ్డ, దాని మీద నల్లటి వేలిముద్ర కనిపిస్తున్నాయి. ఇంజన్ ఎంత అరిచినా చెంగు కదల్లేదు.