గెథిన్ ప్రాసర్ పేరుతో ఆడినవాడు

తొలిరోజుల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు కేవలం ఆట మీది ప్రేమతో ఆడారని ఇప్పుడు సన్మాన సభల్లో కళ్లు తడి చేసుకుని మరీ చెబుతుంటారు. ఒహాయోలోని పెన్రీ ఊళ్లో ఒక్క ఆదివారం గడిపి ఉంటే ఆ మాట అనరు. పెన్రీలో ఆటంటే పందెం. రేకుల మిల్లు కొలిమివాడి దగ్గర్నుంచి మాంసం కొట్టువాడి దాకా అందరూ సొంత జట్టు మీద కాసేవాళ్లే. ఆడేవాళ్లకి వచ్చినదాంట్లో వాటా దక్కేది. అదే జీతం.

గెథిన్ ప్రాసర్ ఆ మిల్లులో ఎర్రగా కాలిన రేకును పట్టుకారుతో ఎత్తి, బూటుకాలితో తొక్కి, మడతపెట్టే పని చేసేవాడు. ఆ పనికి పెరిగిన భుజాలే ఆటకీ పనికొచ్చాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి పేరొస్తుంది. గెథిన్ ముందు వరసవాడు. వంగి, ఎదుటివాడి రొమ్ములోకి భుజం దించి, వెనకవాడికి దారి చెయ్యడమే అతని పని. ముక్కు విరిగి ఒక పక్కకి తిరిగిపోయింది. చెవులు నలిగి ముద్దకట్టాయి.

మిల్లుకి సెలవు ఆదివారమే కాబట్టి ఆటా ఆదివారమే. దాంతో విశ్రాంతిదినం మీరాడని, వేల్స్ నుంచి వలసొచ్చిన తమవాళ్ల ప్రార్థన మందిరం పెద్దలు అతన్ని వెలివేశారు. పాటల బృందంలో మంచి గొంతు పోయిందని బాధపడ్డారు గాని మనిషి పోయాడని కాదు. భార్య ఓల్వెన్ అప్పట్నుంచి మందిరానికి ఒక్కతే వెళ్లేది. ఇంత పోగొట్టుకున్న మనిషికి మిగిలిన ఆశ ఒకటే. చుట్టుపక్కల జట్లన్నిటినీ చిత్తుచేస్తున్న కాల్డర్ ఊరి జట్టు మీద ఆడాలి. ఆ ఏడు శరత్కాలంలో ఆ ఆట కుదిరింది.

ఆటకి ముందురోజు జట్టు నాయకుడు ఇద్వాల్ మెరిక్ బీరు కూజాతో వచ్చాడు. ఇద్వాల్ ఓల్వెన్‌కి అన్న.

"రేపు నువ్వు ఆడట్లేదు బావా."

"ఏం, నాకేమైంది?"

"నీకేం కాలేదు. కాలేజీలో ఆడేవాడొకడు వస్తున్నాడు. దున్నపోతులా ఉంటాడు. సొంత పేరుతో ఆడితే, డబ్బుకి ఆడాడని కాలేజీవాళ్లు వాణ్ని వెళ్లగొడతారు. పైగా ఏ ఊరి జట్టులో ఆ ఊరివాళ్లే ఆడాలని కాల్డర్‌తో మన ఒప్పందం. అందుకని నీ పేరు మీద ఆడతాడు."

"ఊరంతట్లో నా పేరే దొరికిందా?"

"ఒడ్డూ పొడుగూ సరిపోయింది. కాల్డర్ వాళ్లు నీ మొహం ఎప్పుడూ చూళ్లేదు. ఊరంతా పందెం కాసింది బావా, మా అమ్మతో సహా."

"అత్తయ్యకి పందెం పాపం కదా?"

"ఓడితే పాపం. రేపు గడప దాటకు. మా ఇంటివాడివని అడుగుతున్నా."

"అడుగుతున్నావా, చెప్తున్నావా?"

ఇద్వాల్ బీరు వంచి అతని చేతికిచ్చాడు.

మర్నాడు ఓల్వెన్ మందిరానికి వెళ్లింది. గెథిన్ వంటింట్లో కూర్చున్నాడు. మైదానం నుంచి కేకలు వినబడుతున్నాయి. "ప్రాసర్! ప్రాసర్!" ముందు వరసవాడి పేరు ఎవరూ అరవరు. తన పేరు ఊరి నోట అలా వినడం అతనికదే మొదలు. కాసేపు చెవులు మూసుకున్నాడు. తర్వాత టోపీ కూడా పెట్టుకోకుండా బయల్దేరాడు.

వెళ్లేసరికి ఆట మధ్య విరామం. మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి తిన్నగా కాల్డర్ నాయకుడు క్రెమర్ దగ్గరికెళ్లాడు.

"గెథిన్ ప్రాసర్‌ని నేను. అక్కడ ఆడుతున్నవాడు కాదు."

క్రెమర్ ఇద్వాల్‌ని పిలిచాడు. "ఎవరయ్యా ఇతను?"

ఇద్వాల్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎవడో తాగుబోతు. మా ఊరివాడు కాదు."

అదే కొలిమి దగ్గర గెథిన్ పక్కనే చెమటోడ్చే ఐవర్ తాడు అవతల ఉన్నాడు. "నేనూ ఈ మొహం ఎప్పుడూ చూళ్లేదండీ" అన్నాడు తన బూట్లకేసి చూస్తూ.

క్రెమర్ ఆ ముక్కూ చెవులూ పరకాయించి చూశాడు. "తాగిపడితే ఇలా విరగదు. ఏదీ, వంగు."

ఇద్దరూ ఎదురెదురుగా వంగారు. మరుక్షణం క్రెమర్ తాడు కింద వెల్లకిలా ఉన్నాడు. నోట్లో బురద ఉమ్మి పకపకా నవ్వాడు.

"మెరిక్, ఇతను మీవాడు కాదంటావు?"

"కాదన్నాగా!"

"బాగుంది. మావాడొకడికి మెడ దగ్గర ఎముక విరిగింది. ఇతను మా ఊరివాడే, నాకిప్పుడే గుర్తొచ్చింది. అభ్యంతరముంటే ఇతనెవరో నువ్వే చెప్పు."

గెథిన్ ఇద్వాల్‌నే చూస్తూ నిలబడ్డాడు. బావా అని ఒక్కసారి పిలిస్తే చాలు, ఆగిపోయేవాడే. ఇద్వాల్ వెనక్కి తిరిగి తన జట్టులోకి వెళ్లిపోయాడు. క్రెమర్ విసిరిన చొక్కాని గెథిన్ పట్టుకున్నాడు.

ఎదురుగా వంగింది ఆ కాలేజీ కుర్రాడే. "అసలువాడివి నువ్వేనా? నీకిష్టమేనని చెప్పారు నాతో" అని గొణిగాడు.

"నీ మీద కోపం లేదు. తల దించు, మెడ విరుగుతుంది" అన్నాడు గెథిన్.

"ప్రాసర్, తొక్కెయ్ ఆ తాగుబోతుని!" అని ఊరు అరిచింది. అన్నీ తెలిసిన గొంతులే. గెథిన్ భుజం దించాడు. అతను చేసిన సందులోంచే కాల్డర్ వాడు బంతితో గీత దాటాడు. పెన్రీ ఓడింది.

ఇంట్లో ఓల్వెన్ టీ కాచి బల్ల మీద పెట్టింది. "అమ్మ ఏడుస్తోంది" అంది.

మిల్లులో తంతారనుకున్నాడు. తన్నలేదు. "నిన్న భలే ఆడావు గెథిన్. ఆ తాగుబోతు అడ్డం పడకపోతే గెలిచేవాళ్లం" అన్నాడు ఐవర్. గెథిన్ నవ్వు కోసం ఆగాడు. ఎవరూ నవ్వలేదు. నిజం బయటపడితే కాల్డర్ మళ్లీ ఆడదు, పందెం ఉండదు. అందుకని ఊరంతా ఆ మాటే చెప్పుకుంది, అతని మొహం మీదే.

మరుసటి శరత్కాలం సారా కొట్టు వెనక గదిలో ఇద్వాల్ జట్టు పేర్లు పైకి చెప్పాడు. మొదటి పేరు గెథిన్ ప్రాసర్. గెథిన్ లేచాడు.

"కూర్చో బావా, నువ్వు కాదు" అన్నాడు ఇద్వాల్.