తవిటయ్య చుట్ట

ఉక్కు కాలనీలో కరెంటు తీగలకి తగిలే మామిడికొమ్మలు నరకడానికి చిన్న ట్రాక్టరొకటి వచ్చింది. దాని వెనకనుంచి రెండు నల్లటి గొట్టాలు చెట్టుమీదికి పాకుతాయి. ఇంజను తిరిగితే గొట్టాల్లో ఆయిలు పొంగి, పైనున్న మనిషి చేతిలోని కత్తెర కొమ్మని కొరుకుతుంది. ఇంజను ఆగితే కొరికింది వదలదు. ఆ ఇంజను తవిటయ్యది. పదేళ్లు కత్తి పట్టి చెట్లెక్కి, ఒకనాడు జారిపడి కాలు విరిగాక అతనికి ఆ సీటు దొరికింది. కుంటికాలు మడ్‌గార్డు మీదికి చాపుకుని, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తాడు. నోట్లో చుట్ట ఉండగా ఎవరు పిలిచినా పలకడు.

ఆరోజు చెట్టెక్కిన పోలిరాజు, కత్తెర జారిపోకుండా దాని తోలుపట్టీ కుడి మణికట్టుకి బిగించుకున్నాడు. లావుపాటి కొమ్మలో కత్తెర సగం దిగేసరికి ఆకుల గూడు చిరిగి ఎర్రచీమలు అతని మెడమీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే తవిటయ్య ఇంజను ఆపేశాడు. కుడిచెయ్యి కత్తెరకి కట్టుంది. ఎడమచెయ్యి వదిలితే కింద సిమెంటురోడ్డు. "బావా! సీమలు! ఇంజనెయ్యి, సచ్చిపోతన్నాను!" తవిటయ్య పైకి చూస్తూనే చుట్ట వెలిగించాడు. చివరిదాకా కాల్చి, ఉమ్మేసి, అప్పుడు ఇంజను వేశాడు. దిగొచ్చేసరికి పోలిరాజు కళ్లు వాచి మూసుకుపోయాయి. తవిటయ్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మెడమీది చీమల్ని కన్నతల్లిలా ఒక్కొక్కటే ఏరాడు. "అంతలా అరిత్తే పలకవేటి బావా?" అన్నాడు పోలిరాజు. "నోట్లో సుట్టుంది గదా," అన్నాడు తవిటయ్య. "రేపు ఆ సివర సెట్టు. దానికి మూడు గూళ్లున్నాయి, పొద్దున్నే సూసొచ్చాను."