మూయని బ్రాకెట్టు, కట్టేసిన ముల్లు

బేరంలో నేను ఓడింది తక్కువ. మరమగ్గాల పేట నాగావ్‌లో మా బాపు కిరాణా దుకాణంలో గల్లా పక్కన పెరిగినదాన్ని. కొత్తిమీర కొంటే కరివేపాకు ఊరికే రావాలి, లేకపోతే ఆ పూట అన్నం సయించదు. మొదట మొండికేయడం, చివర కొంచెం తగ్గడం మా ఇంటి విద్య. ఒక్క బేరంలో మాత్రం నేను కొంచెం కూడా తగ్గలేదు.

ఇంటర్నెట్ ఇంకా ఫోను తీగ మీద కీచుమంటూ వచ్చే రోజులవి. అంజూర్ ఫాటాలో ఒక గోడౌను పైగదిలో ముగ్గురం పనిచేసేవాళ్లం. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు వచ్చే ఈమెయిళ్లను జల్లెడ పట్టి, వైరస్ ఉన్నవాటిని ఆపడం మా పని. అందుకు రూళ్లు రాసేవాళ్లం. రూలంటే ఒక్క లైను. ఫైలు పేరు ఈ తీరుగా ఉంటే పట్టుకో అని గుర్తులతో రాసిన నమూనా. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. తెరిచిన బ్రాకెట్టు మూయకపోతే అది సగం రూలు, దేన్నీ పట్టదు.

యజమాని బాపు స్నేహితుడు, ఒకప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. కాకా అనేదాన్ని. మమ్మల్ని చూసి నేర్చుకుని రూళ్లు తనూ రాసేవాడు. సర్వీసు నిమిషం కూడా ఆగొద్దని ఆయన పట్టు. అందుకే తప్పున్న లైనును మా ప్రోగ్రాం చప్పుడు చేయకుండా దాటేసి పోయేది.

ఒక సోమవారం వైరస్ దూరి ఒక గిరాకీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ పండబెట్టింది. దాన్ని పట్టే రూలు వారం కిందటే రాసి ఉంది. రాసింది నేను. బ్రాకెట్టు మూయనిదీ నేనే. పావుకిలోకు నాలుగు గింజలు తగ్గితే కొట్టువాణ్ణి బజారున నిలబెట్టే నేను!

సిగ్గుతో రెండు రోజులు కూర్చుని ఒక తనిఖీ ప్రోగ్రాం రాశాను. కొత్త రూళ్లు బయటికి పోయేముందు ప్రతి లైనునూ అదే చూస్తుంది. ఒక్కటి సగం ఉన్నా మొత్తం ఆపేసి, లైను నంబరు చూపిస్తుంది. ప్రోగ్రామర్లు దీన్ని లింట్ అంటారు, బట్టకంటిన నూగు అని. నాగావ్‌లో పుట్టినదానికి నూగు గురించి ఒకరు చెప్పాలా?

మూడోనాడే కాకా వచ్చి నిలబడ్డాడు.

"ఏందిది? పొద్దుగాల్నుంచి రూళ్లు పోలేదట?"

"నా తనిఖీ ఆపింది కాకా. ఒక లైను సగమే ఉంది."

"గట్లయితే గదొక్కటి ఇడిచి మిగతయి పంపు."

"పంప."

"ధందా ఆపుకొని కూసుంటమా? తీసెయ్ దాన్ని."

"తియ్య."

ఆయనా బేరమెరిగిన మనిషే. గొంతు తగ్గించాడు. "సరే, నీది కొంత, నాది కొంత. తప్పుంటే చెప్పుమను. ఆపొద్దు."

"కాకా, పేక పోగు తెగితే సాంచా ఆపే ముల్లు ఉంటది గదా. దాన్ని దారంతోని ఎందుకు కట్టేసిన్రు?"

ఆ జవాబు నాగావ్‌లో తెలియనిదెవరికి? కూలి మీటరుకు లెక్క. సాంచా ఆగితే మీటర్లు తగ్గుతాయి. ముల్లు కట్టేస్తే ఆ అడ్డపోగు లేకున్నా సాంచా ఉత్తగా కొడుతూనే ఉంటుంది. బట్ట తాను విప్పి చూస్తే నడుమ నడుమ సందులు.

"వ్యాపారి వాపస్ కొట్టిన తాన్లు మా ఇంటికే ఇచ్చేటోనివి. చిన్నప్పటి నా గౌన్లన్నీ వాటివే. వాటిలకెల్లి లోకమంత కనపడేది."

"నోరు పెద్దగైంది నీకు. రేపట్నుంచి రాకు."

"రాకుంటే ఏమాయె! తీసేదుంటే నువ్వే తియ్యి. నా చేత్తోని తియ్య."

పోయేముందు పాత రూళ్లన్నిటి మీదా దాన్ని నడిపాను. పద్నాలుగు లైన్లు బయటపడ్డాయి. తొమ్మిది నావి. ఒకటి కాకాది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు.

"ఇది ఎప్పటిసంది ఇట్లున్నది?"

"నువ్వు రాసినకాడ్నుంచి."

"అంటే ఒక్కటి గూడ పట్టలేదా?"

"ఒక్కటి గూడ."

రాకు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. పిలవని పేరంటానికి పోయినట్టు మర్నాడు వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. తనిఖీ ఉన్నచోటే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. కాసేపటికి లోపలి గదిలోంచి కేక.

"ఏయ్ బిడ్డా! నీది నా లైనే ఆపింది!"

"ఆపుడే దాని పని కాకా. సరిచేసి మల్ల పంపు."

"అర్జంటున్నది. ఈ ఒక్కపారి..."

"ఒక్కపారి గూడ తియ్య."

నేను కుర్చీలోంచి లేవలేదు. లోపల తిట్లు వినిపించాయి, తర్వాత ఒంటి వేలితో కీబోర్డు టక్కు టక్కు.