డంపర్ టైరు మీద ఒట్టు

రాజాన్ని కొత్తగా చూసినవాళ్లు ముందు వాడి పొట్ట చూసేవాళ్లు. నేను మాత్రం చేతులు చూసేవాణ్ణి. అరవై టన్నుల బొగ్గు నింపుకుని గనిలోంచి పైకి వచ్చే డంపర్ స్టీరింగ్ మీద ఆ చేతులు ఎంత నెమ్మదిగా ఉండేవంటే, పక్కన కూర్చున్నవాడికి కునుకు పట్టేది. బండ్లు లోయలోకి జారిపోకుండా దారి పక్కన మట్టికట్ట పోసి ఉంటుంది. ఇరవై రెండేళ్లలో ఆ కట్టకు రాజం ఒక్కసారి కూడా టైరు తగలనివ్వలేదు. మా పద్మాపూర్ దిక్కు గనుల్లో డంపర్ నడిపిన ఎవరినైనా అడగండి, అది ఎంత పెద్ద మాటో చెబుతారు.

మా ఇద్దరి నాయనలూ కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి చంద్రపూర్ వచ్చారు. మేమిద్దరం ఒకే లైన్ క్వార్టర్లలో పుట్టాం, ఒకే మరాఠీ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, పెద్దయ్యాక ఇద్దరం డంపర్లే నడిపాం. రాజానికి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నాకు మా నాయన పలక మీద దిద్దించాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. రాయాల్సింది కూడా నేనే. ఎందుకో మీకే తెలుస్తుంది.

రాజం నాయన ఇరవై ఏడేళ్లు భూమి కింద వంగి పనిచేశాడు. రిటైరయ్యాక కూడా నడుం నిటారుగా నిలవలేదు. కొడుకు మొదటిసారి డంపర్ ఎక్కిన రోజు ఆయన గేటు దాకా వచ్చి, తలెత్తి చూసి, "ఎంత ఎత్తుల కూసున్నవురా" అని ఏడ్చాడు. ఆ మాట రాజం మాకు వందసార్లు చెప్పి ఉంటాడు.  ఆ సీటంటే వాడికి అంత ప్రాణం.

ఆ సీటుకే ఎసరు వచ్చింది. మాకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష ఉంటుంది. మొన్నటేడు సెప్టెంబరులో రాజం బరువు నూట రెండు కిలోలు తేలింది. చక్కెర జబ్బు అప్పటికే ఆరేళ్లుగా ఉంది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి గోలీలు మింగుతున్నాడు. అయినా చక్కెర లెక్క పైపైనే ఉంది, బీపీ కూడా అంతే. పరీక్ష చేసే మెడికల్ బోర్డు వాళ్లు జనవరి దాకా గడువిచ్చారు. అప్పటికీ ఇలాగే ఉంటే డంపర్ దిగాలి, పైన ఆఫీసులో ఏదో ఒక కుర్చీ చూపిస్తారు.

వాడు ఆ రోజు ఇంటికి వెళ్లి కూతురు శ్రావణికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి నాగపూర్‌లో పనిచేస్తుంది. అన్నం, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ మానేసి కోడిగుడ్లు, చికెన్, చేపలు, పెరుగు, ఆకుకూరలు తింటే బరువు తగ్గుతుందని తన ఆఫీసులో ఇద్దరు చేసి చూపించారట. వీడియోలు పంపింది. మరునాటి నుంచే రాజం అన్నం మానేశాడు. మెల్లగా తగ్గించడం లాంటిది వాడి ఒంట్లో లేదు. వాడి భార్య ఐలమ్మ మూడు రోజులు సరిగా తినలేదు. "ఎదురుంగ మొగుడు గుడ్లు నములుతుంటే నాకు బువ్వ ఎట్ల దిగుతదన్నా" అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది.

మొదటి వారంలోనే మూడు కిలోలు దిగాడు. క్వార్టర్లన్నీ తిరిగి చెప్పాడు. అందులో ఎక్కువ భాగం ఒంట్లో నీరేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాకేం తెలుసు! తలనొప్పి అన్నాడు, పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు, దొడ్డికి సరిగా రావడం లేదన్నాడు. నోరు కూడా వాసన వచ్చేది, మేం ఆటపట్టించేవాళ్లం. పట్టు విడవలేదు.

ఉన్నమాట చెప్పాలి, ఆ తిండి వాడికి మేలే చేసింది. నవంబరు నాటికి గురక తగ్గింది. డంపర్ నిచ్చెన మధ్యలో ఆగి ఆయాసపడేవాడు, ఇప్పుడు గబగబా ఎక్కేస్తున్నాడు. మోకాళ్ల నొప్పి మాటే లేదు. ఇంట్లో మిషన్ మీద వేలు గుచ్చి చూసుకుంటే చక్కెర ఎప్పుడూ లేనంత తక్కువ. బీపీ కూడా దిగింది. బెల్టుకు కొత్త రంధ్రాలు పొడుచుకుని నాకు చూపించినప్పుడు వాడి మొహంలో ఆనందం చూసి, నాకు నిజంగా కడుపు నిండినట్టయింది.

ఇక ఒట్టు సంగతి. ఆ యేడు దసరాకు ఎప్పటిలాగే డంపర్లు కడిగి, బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టాం. పేడా మిఠాయిల డబ్బా రాజం దగ్గరికి వచ్చింది. వాడు డబ్బా వంక కాసేపు చూసి, మూత పెట్టి, మా షిఫ్టు వాళ్లందరినీ పిలిచాడు. మనిషికంటే ఎత్తుండే ఆ టైరు మీద అందరి చేతులూ పెట్టించాడు.

"నేను తీపి అడిగినా, బువ్వ అడిగినా ఇయ్యకుండ్రి. ఏడ్చినా ఇయ్యకుండ్రి. కాళ్లు పట్టుకున్నా ఇయ్యకుండ్రి. ఒట్టెయ్యుండ్రి."

అందరం వేశాం. నేను అందరికంటే గట్టిగా వేశాను. వాడి సీటు కాపాడే పని నాదే అనుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను. మా గనుల్లో ఒక అలవాటుంది. కంపెనీ డాక్టరుకు ఎవరూ పూర్తి నిజం చెప్పరు. చెప్పిందల్లా ఫైల్లో ఎక్కుతుంది, ఆ ఫైలే బోర్డు ముందుకు పోతుంది. అందుకని దగ్గునూ నొప్పినీ కూడా దాచుకునే జాతి మాది. రాజం ఒకరోజు, "గోలీల సంగతి డాక్టర్ మేడంను అడగాల్నా?" అన్నాడు. డిస్పెన్సరీ డాక్టరు వైశాలి మేడం. మరాఠీ ఆవిడ, మంచిది. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"పాగల్ అయినవా? చెప్తే ఫైల్ల ఎక్కుతది. గోలీలు తీస్కో, మింగు, గమ్మునుండు. జనవరి దాక ఓపిక పట్టు."

ఇంట్లో ఐలమ్మకు మాత్రం సందేహం వచ్చింది. "చక్కెర గింత తగ్గినంక గోలీలు గదే లెక్క ఎందుకయ్యా?" అని అడిగిందట. బడి మొహం చూడని మనిషి అడిగిన మాట అది. బోర్డు అయ్యేదాకా నోరు మూసుకొమ్మన్నాడు వీడు. కూతురు ఫోన్లో, "పప్పా, డాక్టర్‌కు చెప్పినవా?" అంటే, "చెప్పిన బిడ్డా" అని నా ముందే అబద్ధమాడాడు. నేను పక్కనే ఉండి నవ్వాను.

డిసెంబరులో ఒకసారి చేతులు వణికి, కళ్లు మసకబారి, గుప్పెడు పల్లీలు తిని పడుకున్నాడట. నాతో చెప్పాడు. "తీపికి జిహ్వ గుంజుతున్నదిరా, పట్టు ఇడవకు" అన్నాను. అంత తెలివి నాది.

బోర్డు రేపనగా, జనవరిలో, మాది పొద్దుటి షిఫ్టు. పొగమంచు, వేళ్లు కొంకర్లు పోయే చలి. మర్నాడు బరువు చూస్తారని రాజం ముందు రాత్రి భోజనం మానేశాడు. పొద్దున గోలీ వేసుకుని ఒక్క గుడ్డు తిని వచ్చాడు. తొమ్మిదిన్నరకు మేం విశ్రాంతి షెడ్డులో చాయ్ తాగుతుండగా వాడు లోపలికొచ్చాడు. మేమందరం స్వెట్టర్లు, మఫ్లర్లలో ఉన్నాం. వాడి చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉంది. అది చూశాను. చూసి కూడా నాకేమీ తట్టలేదు.

తిన్నగా వచ్చి నా చేతిలోని చక్కెర చాయ్ గ్లాసు అందుకున్నాడు. లాక్కున్నాను.

"ఒక్క గుటకరా గట్టయ్యా. పానం ఎట్లనో అయితుంది."

"ఒట్టు పెట్టించినవ్ కదరా! రేపే బోర్డు. ఒక్క దినం ఆగలేవా?"

షెడ్డంతా నవ్వింది. వాడు మళ్లీ చెయ్యి చాపాడు, ఆ చెయ్యి వణుకుతోంది. నేను గ్లాసు వెనక్కి పెట్టుకున్నాను. అప్పుడు వాడు నన్ను తిట్టాడు. మా అమ్మను పెట్టి తిట్టాడు. నలభై ఏళ్ల స్నేహంలో వాడి నోట అలాంటి మాట నేను వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "పో, నీ బండెక్కు పో" అన్నాను. గ్లాసులో మిగిలిన చాయ్ వాడు చూస్తుండగానే నేల మీద పారబోశాను.

వాడు వెళ్లి బండెక్కాడు.

పావుగంట తర్వాత షెడ్డులోని వైర్‌లెస్ రేడియోలో సతీష్ అరుపు వినిపించింది. వాడి డంపర్ రాజం బండి వెనకే వస్తోంది. నిండు లోడుతో పైకెక్కుతున్న రాజం బండి మలుపు తిరగకుండా తిన్నగా పోయి మట్టికట్టెక్కిందని చెప్పాడు. నేను పరుగెత్తాను. ముందు టైర్లు రెండూ కట్ట మీద ఉన్నాయి. అవతల తొంభై అడుగుల లోయ. వాడి కాలు ఎలా బ్రేకు మీద పడిందో దేవుడికే తెలియాలి. నిచ్చెనెక్కి తలుపు తీస్తే స్టీరింగ్ పట్టుకుని కూర్చునే ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. "రాజం, నేన్రా" అంటే ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలదు.

డిస్పెన్సరీలో రక్తం చూస్తే చక్కెర ముప్పై ఆరు. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదమట. వైశాలి మేడం నరంలోకి గ్లూకోజ్ ఎక్కించింది. ఎక్కుతుండగానే మనిషి కదిలాడు. చుట్టూ చూసి, "బండికేమైంది?" అని అడిగాడు. ఏం కాలేదన్నాం. అప్పుడు ఏడ్చాడు.

మేడం నన్ను పక్కకు పిలిచి ఏం తింటున్నాడో, ఏం మింగుతున్నాడో అడిగింది. ఇక దాచడానికి ఏముంది! అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"తిండిలో తప్పు లేదు, అతనికి మేలే జరిగింది," అంది మరాఠీలో. "కానీ ఈ గోలీ చక్కెరను కిందికి దించుతూనే ఉంటుంది, అన్నం తిన్నావా లేదా అని అడగదు. అన్నం మానేసిన రోజే దీన్ని తగ్గించాలి. నాకు ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే ఫైల్లో రాస్తారని..." అన్నాను.

"రాసేదాన్నే. గోలీ సగం చేశాను అని రాసేదాన్ని."



బోర్డు వారం తర్వాత కూర్చుంది. బరువు ఎనభై ఏడు, బాగుంది. బీపీ బాగుంది. మూడు నెలల చక్కెర సగటు బాగుంది. ఆరేళ్లలో ఎన్నడూ లేనట్టు ఫారంలో గళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆఖరి గడిలో మాత్రం, స్టీరింగ్ మీద స్పృహ తప్పినందున బరువు వాహనాలు నడపరాదు అని రాశారు. ఆ సీటు కోసం పదిహేను కిలోలు కరిగించిన మనిషిని, షిఫ్టుకొచ్చేవాళ్లకు హాజరు బిళ్లలిచ్చే టోకెన్ రూములో కూర్చోబెట్టారు. బోర్డును తప్పు పట్టలేను. కట్ట అవతల మనుషులు పనిచేస్తుంటారు.

నెల రోజులు నేను వాడి ఎదుట పడలేదు. టోకెన్ తీసుకోవడానికి వెళ్తే తల వంచుకునేవాణ్ణి. చివరికి ఐలమ్మే కబురు పెట్టింది. వెళ్లాను. రాజం నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, "అంత నా వల్లనేరా" అన్నాను.  "ఒట్టు పెట్టించింది నేనే కదా" అన్నాడు వాడు. దాంతో నా బరువు దిగలేదు, దిగకూడదు కూడా.

వాడిప్పుడు రెండు గోలీలకు బదులు ఒక్కటే వేసుకుంటున్నాడు, అదీ వేరే రకం. మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె తింటాడు, మిగతాదంతా ఆ తిండే. ఎనభై ఏడు దాటలేదు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకుంటాడు, మేడంకు అన్నీ చెబుతాడు. ఇప్పుడు చెప్పడానికి భయమేముంది, పోవాల్సింది పోయింది.

మొన్న దసరాకు మళ్లీ బండ్లు కడిగాం. రాజం పాత డంపర్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. వద్దన్నా ఆ బండే ఇచ్చారు. రాజం టోకెన్ రూము నుంచి బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. టైరుకు తనే కట్టాడు. షిఫ్టు వాళ్లను పిలిచి, చేతులు పెట్టమన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. నా చెయ్యి తనే పట్టుకుని టైరు మీద పెట్టాడు.

"నేనే గాదు, మనల ఎవనికి చెమటలు వట్టినా, చేతులు వణికినా, అడ్డదిడ్డం మాట్లాడినా, మెలకువ ఉంటే ముందుగాల నోట్ల చక్కెర పొయ్యుండ్రి. మెలకువ లేకుంటే నోట్ల ఏం పొయ్యకుండ్రి, మేడం కాడికి ఉరుకుండ్రి. తిట్టినా కోపం జెయ్యకుండ్రి. ఒట్టెయ్యుండ్రి."

అందరం వేశాం.  రాజం తన జేబులోంచి గ్లూకోజ్ పొట్లం తీసి నా చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టాడు.

"షిఫ్ట్ టైమయితుంది. ఎక్కు," అన్నాడు.

నిచ్చెనెక్కి సీట్లో కూర్చుని కిందికి చూశాను. రాజం టైరు పక్కన నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తి నా వైపే చూస్తున్నాడు.

"ఎంత ఎత్తుల కూసున్నవురా," అన్నాడు.

 హారన్ కొట్టి బండి కదిలించాను.