కింది ఊరి మనిషి

కాకినాడ వెళ్ళే పడవ లాకులో ఆగింది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే మట్టానికి వస్తే తప్ప తలుపులు తెరవరు. పక్కనున్న ముసలాయన నా ఊరి పేరు విని, "పంటకాలవ నీళ్ళ కోసం మీకూ కింది ఊరికీ గొడవంట కదండీ?" అన్నాడు.

నేను మూట దగ్గరకు లాక్కున్నాను. ఇతనికెందుకీ ఆరా? కింది ఊరివాళ్ళు పంపిన మనిషేమో!

"మేం వేసిన అడ్డుకట్ట తెగ్గొడుతున్నారండి, దొంగలు."

"ఇదే సంగతి వాళ్ళయితే ఎలా చెబుతారండీ?"

అనుమానం గట్టిపడింది. వెటకారంగానే మొదలుపెట్టాను. పైవాళ్ళు నీళ్ళన్నీ ఆపేసుకుంటున్నారని, తమ చేలు నెర్రెలు విచ్చాయని, ఆకుమళ్ళు మాడిపోయాయని... చెబుతుంటే ఎంతకీ తెమల్లేదు. లాకు తలుపులు ఎప్పుడు తెరిచారో కూడా చూడలేదు.

ఆయన ఒక్క సలహా చెప్పలేదు. సరిగ్గా కింది ఊరి రేవులోనే దిగాడు. నేననుకున్నదే నిజమైంది.

కొన్నాళ్ళకు కింది ఊరి పెద్ద కాలవగట్టు మీద ఎదురయ్యాడు. మాకు మాటల్లేవు. అయినా ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ బాధలన్నీ మా నోటితోనే చెప్పించుకుపోయాడు. ఆ ముసలాయన్ని పంపింది మీరే కదండీ?"

"మీ మనిషి కాదాండీ?"

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. కాస్త ఎడంగా నేనూ కూర్చున్నాను.