బాపు చెప్పిన రెండో సాక్ష్యం

మొన్న ఇంటి కాగితాల పని మీద కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. వరండా గోడకు పెద్ద టీవీ, అందులో కేసుల వరుస. ఎవరి పిలుపు ఎప్పుడో బంట్రోతు గొంతు చించుకోకుండానే కనబడుతోంది. నా పక్కన కూర్చున్న ఆవిడ దాన్ని ఒకసారి చూసి ఆవులించింది. ఇప్పటివాళ్ళకు అందులో వింతేముంది గానీ, తెలంగాణ ఇంకా రాని రోజుల్లో మా బొగ్గుబాయిల, అంటే గనుల, ఊరి కోర్టుకు మొట్టమొదటి మైకు వచ్చినప్పుడు మేమెంత నోరు తెరుచుకుని చూశామో మన వయసువాళ్ళకే తెలుసు.

అప్పుడు మేం సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్ళం. మేం బాపు అని పిలిచే మా నాన్న బాయి లోపల బొగ్గు టబ్బులను లాగే యంత్రం దగ్గర పనిచేసేవాడు. ఆ మోతకు ఆయన చెవులు ఏనాడో మొద్దుబారిపోయాయి. ఇంట్లో ఆయనతో ఏం చెప్పాలన్నా ఎదురుగా నిలబడి అరవాల్సిందే, అందుకని మా ఇంటి కూర ఏమిటో రోజూ పక్కింటివాళ్ళకు మాకంటే ముందే తెలిసేది. అక్క మొగుడు, మా బావదీ అదే బాయి. ఒకనాడు మొదటి షిఫ్టు దిగి మామా అల్లుళ్ళు సైకిళ్ళ మీద వస్తుంటే, ఎదురుగా వచ్చే లారీ ఒకటి ముందు బండిని దాటబోయి తప్పు పక్కకు వచ్చి బావను కొట్టేసింది. వెనకాలే వస్తున్న బాపు తప్ప చూసినవాళ్ళు లేరు.

బావను మట్టిలో పెట్టి వచ్చాక అక్క మా ఇంటికే వచ్చేసింది. లారీ వాళ్ళేమో బావ తాగి తూలి తనంతట తనే చక్రాల కింద పడ్డాడన్నారు. చర్చిలో ముందు వరుసలో నిలబడి పాటలు పాడే మనిషి, పండగనాడు కూడా చుక్క ముట్టనివాడు. పోయిన ప్రాణం ఎలాగూ రాదు, తాగి చచ్చాడన్న మాట మాత్రం ఆయన మీద ఉండనివ్వనని అక్క పట్టుబట్టింది. దానికి ఉన్న ఆధారమంతా బాపు సాక్ష్యమే.

తీరా బోనెక్కాక, లారీ తప్పు పక్కకు రావడం కళ్ళారా చూశావా అని అడిగితే బాపు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ ఊపాడు. చూడలేదట అని రాసుకుని పంపేశారు. నేనట్లా అననేలేదని బాపు ఇంటికొచ్చి ఒట్లు పెట్టాడు గానీ, నల్లకోట్లను చూసి భయపడి ఉంటాడనే మేమంతా అనుకున్నాం. అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సర్కారు తరఫున వాదించడానికి కొత్త వకీలమ్మ బదిలీ మీద వచ్చింది. పొట్టి మనిషే గానీ గట్టి పిండం. పైవాళ్ళ వెంటపడి కోర్టుకు మైకులు, సాక్షి చెప్పిన మాట టైపు కొడుతుంటే అప్పటికప్పుడు అక్షరాలై కనబడే కంప్యూటరు తెర, చెవులు సరిగా వినబడనివాళ్ళు తగిలించుకునే సాధనం తెప్పించింది. అంతటితో ఊరుకోలేదు. ప్లేడే అంటే మా దగ్గర వారపు సెలవు. ఆ రోజు కాలనీ హాలుకు తనే వచ్చి, సాక్ష్యం చెప్పడానికి జంకొద్దని మనిషి మనిషికీ నచ్చజెప్పేది. సమన్లు తెచ్చేవాణ్ణి తప్ప కోర్టు మనిషిని చూడని కాలనీ మాది. అంత పెద్దామె మాతో పాటు చాప మీద కూర్చుంటే ఆడవాళ్ళం గుడ్లప్పగించి చూశాం.

అలాంటి ఒక మీటింగులో ఆమె బాపును లేపి ఏదో అడిగింది. అంతమంది ముందు బాపు బిగుసుకుపోయి, కోర్టులో లాగే తల అడ్డంగా ఊపాడు. బాపుతో కలిసి పనిచేసే, మేం కాక అని పిలిచే ఒకాయన వెనక నుంచి లేచాడు.

"మేడం, మావోడు కాదంటలేడు. ఆగు, ఇనబడలే అంటున్నడు. బాయిల తలకాయ లైటు అడ్డం ఊపితే ఆపుమన్నట్టు. ఆ మోతల నోటి మాట ఎవలకు ఇనబడ్తది?"

హాలంతా గొల్లున నవ్వింది. వకీలమ్మ నవ్వలేదు, అక్క నవ్వలేదు. ఇంట్లో బాపు తలకు లైటుండదు కనుక ఆ సైగ మేమెన్నడూ చూసి ఉండలేదు. అక్క లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

సాక్షిని మళ్ళీ పిలిపించమని వకీలమ్మ అర్జీ పెట్టుకుంటే జడ్జిగారు ఒప్పుకున్నారు. ఆ రోజు బాపు చెవులకు ఆ సాధనం తగిలించగానే ఆయన ఉలిక్కిపడి పైకి చూశాడు. ఫ్యాను తిరిగే చప్పుడు వింటున్నాడు! మునుపటి ప్రశ్నే మళ్ళీ అడిగారు.

"సూసిన సారూ. లారీయే మా పక్కకు అచ్చింది. మా అల్లుడు అంచుకే పోతుండె. ఆయన తాగడు."

ఆ గొంతు నాలుగు గోడల నుంచీ వస్తుంటే, ఆ మాటలే తెర మీద ఒక్కొక్కటిగా పడుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. బతుకంతా భూమి కింద సైగలతో నెట్టుకొచ్చిన మా బాపు మాటను అంత పెద్ద కోర్టు ఊపిరి బిగబట్టి విన్నది. అక్క వకీలమ్మ వెనక కుర్చీలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కనున్న నాకే సరిగా వినబడని ఆ ఏడుపు, ముందున్న మైకులో పడి బాపు చెవికి చేరినట్టుంది. బాపు చెప్పేవాడల్లా ఆగి, అటు తిరిగి చూస్తూ నిలబడిపోయాడు.

తీర్పు మాకు అనుకూలంగానే వచ్చింది, బావ తాగలేదని అందులో స్పష్టంగా రాశారు. కానీ నాకు గుర్తున్నది సాక్ష్యం చెప్పిన రోజు బస్సు దిగాక బాపు నన్ను పక్కకు పిలిచి అడిగిన మాట.

"పిల్ల ఇంట్ల గూడ రోజు గట్లనే ఏడ్సిందా?"

పక్క గదిలోనే, ఆయనకు ఎలాగూ వినబడదన్న ధైర్యంతోనే అక్క అన్నాళ్ళూ ఏడ్చింది. అవునని తలూపాను.

ఇప్పుడు సాక్షులు ఎక్కడో ఉండి తెర మీద కనబడి చెబుతున్నారట, ఎవరికీ అబ్బురం లేదు. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు తర్వాత ఆయన డ్యూటీ దిగి రాగానే టీ కూడా అడగకుండా అక్క ఎదురుగా వచ్చి కూర్చునేవాడు, ఆమె మొహంలోకి చూస్తూ. ఇప్పుడు మా ఇంట్లో అందరి చెవులూ దివ్యంగా ఉన్నాయి. అలా ఎదురుగా వచ్చి కూర్చునేవాళ్ళే లేరు.