ఎల్లేశం పిల్లనిచ్చిన సంబంధం

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు వచ్చే బాటలో, జామతోటలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యేచోట దర్జీ ఎల్లేశం ఇల్లు ఉండేది. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడు, నేత వదిలేసి కత్తెర పట్టుకుని పట్నం వచ్చాడు. నవాబుల దేవిడీల్లో పనిచేసే నౌకర్లకు షేర్వానీలు కుట్టాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళయినా పెళ్ళికొడుకు అంగీ ఆయన చేతిమీదుగానే పోయేది. సొంత ఇంట్లో మాత్రం ఒక్క పెళ్ళీ జరగలేదు. ఆయనకూ భార్య కాంతవ్వకూ పిల్లలు కలగలేదు.

దానికి ఆయన ఏడుస్తూ కూర్చునే రకం కాదు. కాని మధ్యాహ్నం పూట అరుగు మీద ముచ్చట్లు పెట్టుకునే వేళ మాత్రం మనసు కొంచెం చివుక్కుమనేది. ఎదురింటి జట్కా సాయిలు రోజూ వచ్చి కూర్చునేవాడు. సాయిలుకు నలుగురు కూతుళ్ళు, నలుగురు వియ్యంకులు. ఒకడు పిసినారి, ఒకడు బడాయికోరు, ఒకడు పెళ్ళిలో పప్పు చల్లారిందని లేచిపోయినవాడు. నాలుగోవాడి గురించి చెప్పేటప్పుడు సాయిలు గుర్రం కూడా చెవులు వెనక్కి వాల్చేది.

"నీకేందే, నలుగురున్నరు తిట్టుకునేటందుకు," అనేవాడు ఎల్లేశం దారం పళ్ళతో కొరుకుతూ. "నాకు ఒక్కడు సుత లేకపాయె."

ఆయనకు ఉన్నదల్లా ఒక కుక్క. ఒక వానాకాలం ఎక్కడి నుంచో వచ్చి మిషను కింద పేలికల కుప్పలో పడుకుంది. ఇంట్లోకి రానిచ్చేది లేదని కాంతవ్వ ఖచ్చితంగా చెప్పింది. మరునాడు పెరుగన్నం కలిపి పెట్టింది కూడా కాంతవ్వే. దానికి పేరు పెట్టడం ఎవరికీ తట్టలేదు. "పిల్లా" అని పిలిస్తే వచ్చేది, అదే పేరయింది.

యుద్ధం మొదలైన రోజులవి. బేగంపేట మీద విమానాలు తిరుగుతుంటే పిల్ల మిషను కింద దూరి మొరిగేది. అప్పుడే దయారత్నం అనే ఆయన పంజాగుట్టలో ఉన్న తన కొడుకు సత్యరాజు దగ్గరికి వచ్చి చేరాడు. ఆయనది బాపట్ల వైపు. బొల్లారంలో ఒక తెల్లదొర బంగళాలో ఏళ్ళతరబడి వంట చేశాడు. యుద్ధానికి పోతూ దొర ఆయనకు రెండే ఇచ్చాడు: పాత పంట్లాములు, ఒక గోధుమరంగు కుక్క. దాని ఇంగ్లీషు పేరు దయారత్నానికి నోరు తిరగలేదు. "అబ్బాయి" అనేవాడు. భార్య పోయాక ఆయనకు మాటామంతీకి తోడు ఆ అబ్బాయే.

దొర పొడుగు, దయారత్నం పొట్టి. పంట్లాములు కురచ చేయించుకోవడానికి ఎల్లేశం దగ్గరికి రావలసి వచ్చింది. వెంట అబ్బాయి కూడా వచ్చింది. కొలతలు తీసుకోవడం, దొర తినే పుడ్డింగుల గురించి చెప్పుకోవడం అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా రెండు కుక్కలూ ఎక్కడున్నాయో ఎవరూ చూడలేదు.

కొన్ని వారాలకు కాంతవ్వే కనిపెట్టింది. దయారత్నం మళ్ళీ వచ్చినప్పుడు ఎల్లేశం గంభీరంగా పిలిచాడు.

"దయారత్నం సాబ్, జర గిట్ల రాండ్రి. మీ పిల్లగాడు ఏం జేసిండో ఎరుకేనా?"

దయారత్నం ముఖం పాలిపోయింది. "మా సత్యరాజా? ఏం చేశాడండీ?"

"సత్యరాజు కాదు, గీడు." ఎల్లేశం మిషను దగ్గర తోక ఊపుతున్న అబ్బాయిని చూపించాడు. "మా పిల్ల కడుపుతోని ఉన్నది."

దయారత్నం తలపాగా సర్దుకున్నాడు. సాయిలు అరుగు మీద నుంచి నవ్వాడు. "ఇంకేంది మల్ల? ఇద్దరు ఇయ్యంకులైన్రు."

అది వేళాకోళం మాట. కాని ఎల్లేశం చేతిలో సూది ఆగిపోయింది. ఒకసారి గొంతు సవరించుకుని, కొత్త చెప్పులు తొడిగి చూసుకున్నట్టు ఆ మాటను నోట్లో పెట్టుకుని చూశాడు.

"ఏం బావా," అన్నాడు. "గట్ల నిలబడ్డవేంది? కూసో."

దయారత్నం కూర్చున్నాడు. కాసేపు ఆలోచించి, "మరి మర్యాదలవీ జరగాలి కదా బావగారూ," అన్నాడు. ఆయనకూ ఒక వెలితి ఉంది. ముగ్గురు కొడుకుల పెళ్ళిళ్ళు చేశాడు, మూడూ చర్చిలోనే. మగపెళ్ళివారి పెద్దగా ఒక్కసారైనా తనివితీరా అలగాలని ఆయన కోరిక. పెద్దవాడి పెళ్ళిలో కాఫీ చల్లగా ఉందని అలిగి పక్కకు పోయి కూర్చున్నాడు. పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, "లేవండి దయారత్నం గారూ," అన్నారు. "ఆమెన్ అన్నాక ఇంకేం అలుగుతామండీ?" అని చెప్పుకుని బాధపడ్డాడు.

ఆ రోజు నుంచి బావా అంటే బావా. పిల్ల ఏం తింది, అబ్బాయి ఎవరి కోడిని తరిమాడు, ఇవే ముచ్చట్లు. నెలలు నిండుతుంటే సీమంతం కూడా చేశారు. కాంతవ్వ నవ్వుకుంటూనే పిల్ల మెడకు గాజులు దారంతో కట్టింది. పిల్ల ఒక్కసారి ఒళ్ళు దులిపింది, గాజులు గోడకు తగిలి పగిలాయి. దయారత్నం ఇంటినుంచి కట్లెట్లు చేసి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే సిరిసిల్ల నుంచి చీరల మూటతో ఒక బేరగాడు వచ్చాడు. ఇంటి ముందు ముగ్గు చూసి ఏం సంబరమని అడిగాడు.

"మా పిల్ల సీమంతం," అన్నాడు ఎల్లేశం. "గీ దయారత్నం బావ ఇంటికి ఇచ్చుకున్నం."

పిల్ల అప్పటికే పెరట్లో పడుకుంది. బేరగాడు తలూపి, మూట ఎత్తుకుని పోయాడు.

పిల్ల పేలికల కుప్పలోనే ఈనింది. ఆ పొద్దున సాయిలు అంగీకి గుండీ కుట్టించుకుందామని వచ్చి, మిషను కింద కుంయి కుంయి వినపడితే వంగి చూశాడు. చూసి ఊరుకోలేదు. జట్కా తోలుకుంటూ పంజాగుట్ట మీదుగా పోతూ దయారత్నానికి చెప్పాడు. "మస్తుగున్నయి పిల్లలు. నేనే మొదలు చూసిన!"

దయారత్నం ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. మగపిల్లవాడి తండ్రి కంటే ముందు జట్కావాడికి చూపిస్తారా! ఇన్నేళ్ళకు ఆయనకు అలగడానికి సరైన కారణం దొరికింది. ఇంటికి పోయి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఎల్లేశం వెంటనే వెళ్ళాడు. "బావా, తప్పైంది. సాయిలు ఎప్పుడొచ్చిండో నేను చూడలె."

దయారత్నం గోడతో మాట్లాడాడు. "చూశావా, ఎంత తేలికైపోయామో. వంటవాడనేగా!"

"గట్లంటవేంది బావా? మా పిల్ల మొకం జూడు."

"ఆయన్ని వెళ్ళమని చెప్పు," అన్నాడు దయారత్నం గోడకు. అబ్బాయికి మాత్రం ఈ అలక ఏమీ అర్థం కాలేదు. ఎల్లేశం ఒడిలో తలపెట్టి తోక ఊపుతూ ఉంది. సత్యరాజు కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడు, పాస్టరుగారిని పిలుస్తానని బెదిరించాడు. "పిలువు. ఇది పెళ్ళి కాదు, ప్రార్థనకు లొంగను," అన్నాడు తండ్రి.

ఎల్లేశం రోజూ పోయి బతిమాలి, రోజూ తిరిగొచ్చేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నడక మాత్రం హుషారుగా ఉండేది. "నా ఇయ్యంకుడు అలిగిండు," అని దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

అలా ఉండగా సిరిసిల్ల నుంచి ధర్మయ్య దిగాడు. కులపెద్ద. తెల్లటి మీసాలు, చేతిలో కర్ర. బేరగాడు మోసుకుపోయిన వార్త అక్కడ మగ్గం మగ్గానికీ పాకింది. పిల్లలు లేని ఎల్లేశం ఎవరినో పెంచుకున్నాడట, కులానికి చెప్పకుండా వేరే మతంవాళ్ళకు ఇచ్చాడట! పిల్లనన్నా తెస్తాను, ఎల్లేశాన్ని వెలి అన్నా వేస్తాను అని అందరి ముందూ అని, ముసలాయన బస్సెక్కాడు.

కాళ్ళకు నీళ్ళిచ్చినా తీసుకోలేదు. అరుగు మీద నిలబడే అడిగాడు. "ఎల్లేశం, నీకు పిల్ల ఉన్నదా లేదా?"

ఒక్క మాటలో తేలిపోయేది. కుక్క పటేలా అంటే సరిపోయేది. కాని తన పిల్ల గురించి అడగడానికి ఒక మనిషి అంత దూరం నుంచి రావడం ఎల్లేశానికి జన్మలో మొదటిసారి. తొందరపడబుద్ధి కాలేదు.

"ఉన్నది," అన్నాడు.

"మాకు చెప్పకుంట ఎట్ల తెచ్చుకున్నవు?"

"నేను తేలె. అదే వచ్చింది. వానల తడుసుకుంట వచ్చి నా కాళ్ళ కాడ పన్నది. పొమ్మంటే యాడికి పోతది?"

ధర్మయ్య గొంతు కొంచెం తగ్గింది. "మంచిదే. ఏ కులమో అడిగినవా?"

"అడగలె. చెప్పేటట్టు సుత లేదు."

"అయ్యో, మూగదా?"

"మాటలు రావు. మనం చెప్తే మాత్రం అన్ని సమజైతయి."

నీళ్ళ చెంబుతో వచ్చిన కాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమె భుజాలు కదలడం చూసి ధర్మయ్య, "ఏడువకు చెల్లె, నేనున్న గదా," అన్నాడు. తర్వాత ఎల్లేశం వైపు తిరిగాడు. "పిల్లగాడు ఏం జేస్తడు?"

"బొల్లారంల దొర బంగ్లకు కావలుండె. గిప్పుడు ఖాళీ."

"తాగుతడా?"

"పాలు పోస్తే తాగుతడు."

"చూడనీకి ఎట్లుంటడు?"

"మంచిగుంటడు. చెవులే జర పెద్దగుంటయి."

"పెండ్లి ఎవలు జేసిన్రు?"

ఎల్లేశం తల గోక్కున్నాడు. "పెండ్లంటే... గా గోడెన్కకు పోయినట్టున్రు పటేలా. మేం పంట్లాము కొలుచుకుంటున్నం."

ధర్మయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. అప్పటికి కాంతవ్వ ఇక ఆపుకోలేక ఇంట్లోకి పరుగెత్తింది. "పిలువు," అని అరిచాడు ముసలాయన. "పిల్లను పిలువు. నేనే మాట్లాడుత!"

"పిల్లా!" అని పిలిచాడు ఎల్లేశం.

మిషను కింద నుంచి పిల్ల వచ్చింది. వెనకే పొట్టలు నేలకానించుకుంటూ కుక్కపిల్లలు వచ్చాయి. వాటిలో ఒకదాని చెవులు మరీ పెద్దవి. అది ధర్మయ్య ధోవతి అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

ధర్మయ్య వాటిని చూశాడు. ఎల్లేశాన్ని చూశాడు. ధోవతి అంచు విడిపించుకున్నాడు. తర్వాత మెల్లగా అరుగు మీద కూర్చుని, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. అన్నం తిన్నాడు, ఒక కునుకు తీశాడు. లేచాక కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"పంచాయితీకని వచ్చిన. పంచాయితీ చెయ్యకుంట పోతే మా ఇంటిది సుత నన్ను లెక్కజెయ్యది. మీకేమన్న తగాదా ఉన్నదా?"

"ఉన్నది పటేలా!" అన్నాడు ఎల్లేశం సంతోషంగా. "ఇయ్యంకుడు అలిగిండు."

సాయిలు జట్కాలో అందరూ పంజాగుట్ట పోయారు. దయారత్నం గోడవైపే తిరిగి ఉన్నాడు. ధర్మయ్య పలకరిస్తే పలకలేదు. ముసలాయన ఒక్క క్షణం చూసి, "మంచం తిప్పుండ్రి," అన్నాడు. ఎల్లేశం, సాయిలు, సత్యరాజు మనిషితో సహా మంచం ఎత్తి తిప్పి పెట్టారు. ఇప్పుడు దయారత్నం అందరి ముఖాలూ చూడక తప్పలేదు.

"మీ ఫిర్యాదేంది?"

"నాకంటే ముందు సాయిలుకి చూపించారండీ," అన్నాడు దయారత్నం. తెల్లమీసాల కులపెద్ద తన అలకను విచారించడం ఆయనకు లోలోపల చాలా నచ్చింది.

ధర్మయ్య కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పాడు. "సాయిలు చూసింది చూసినట్టు కాదు. మల్ల మొదలుకెల్లి జరగాలె."

అలాగే జరిగింది. అమీర్‌పేట వచ్చాక సాయిలును బాటలో గుర్రంవైపు ముఖం పెట్టి నిలబెట్టారు. దయారత్నం కురచ చేయించిన పంట్లాము వేసుకుని, అబ్బాయిని వెంటపెట్టుకుని లోపలికి వెళ్ళాడు. కుక్కపిల్లలను ఒక్కొక్కటే ఎత్తి చూసి, పెద్ద చెవులదాన్ని గుండెకు ఆనించుకుని, "మా పోలికే," అన్నాడు. ఆ తర్వాతే సాయిలును పిలిచారు. సాయిలు వంగి చూసి, "అరెరె! పిల్లలైనయా? నాకు ఎరుకనే లేదు!" అన్నాడు. గట్టిగా చెప్పలేదని ధర్మయ్య మరోసారి చెప్పించాడు.

ముసలాయన సిరిసిల్ల పోయి నిజం చెప్పలేకపోయాడు. కుక్క కోసం అంత దూరం పోయొచ్చానని ఎవరితో అంటాడు? "కండ్లార చూసిన. పిల్లకు మాటలు రావు గని మంచిది, సంబంధం మంచిది. ఇగ ఆ ముచ్చట ఎవ్వలు ఎత్తొద్దు," అన్నాడు. ఎదురడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మరుసటి ఏడు ఒక పెళ్ళికని ఎల్లేశం, కాంతవ్వ సిరిసిల్ల వెళ్ళారు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి బిడ్డ ఎట్లున్నదని అడిగారు. మంచిగున్నదన్నాడు ఎల్లేశం. మళ్ళీ కాన్పయిందన్నాడు. అల్లుడు ఇంటి పట్టున ఉంటాడా అంటే, ఉండడు, ఊరంతా తిరుగుతాడన్నాడు. ఒక్క అబద్ధమూ ఆడలేదు. పాపం, మాటలు రాని పిల్ల, ఇంత తొందరగా రెండో కాన్పు అని రుద్రమ్మ అనే ముసలామె కళ్ళొత్తుకుంది. అప్పటికప్పుడు కూర్చుని బాలింతకని శొంఠి, బెల్లం దంచి లడ్డూలు కట్టి మూటిచ్చింది.

దారిలో ఒకటి తిందామని ఎల్లేశం చెయ్యి పెడితే కాంతవ్వ కొట్టింది. "బిడ్డకు పంపింది నువ్వెట్ల తింటవు?"

ఇంటికి రాగానే పిల్ల ముందు పెట్టింది. పిల్ల వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి, పేలికల్లోకి వెళ్ళి పడుకుంది. సాయంత్రం దయారత్నం వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే తిన్నాడు. మూట ఖాళీ అయ్యాక చేతులు దులుపుకుంటూ, "శొంఠి కాస్త తగ్గింది బావగారూ," అన్నాడు.